పాట అయిపోయాక

మూడో తరగతి గదిలో నవ్వులు మొదలైతే పక్క గది పిల్లలు కిటికీలకు వేలాడేవారు. ఆ గది టీచరును బడి మొత్తం నవ్వుల టీచరు అనే పిలిచేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలు అక్షరాలను చేదుమాత్రల్లా నమిలి మింగడం చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. మర్నాడే నల్లబల్ల మీద నాలుగు వరసలు రాసింది.

పిల్లిగారికి పెళ్ళంట,
తోక నిండా పూలంట,
ఎలుకగారిని పిలిచారంట,
ఒంట్లో బాగా లేదంట!

గది ఘొల్లున నవ్వింది. ‘ల్లి’కీ ‘ళ్ళి’కీ తేడా ఆ నవ్వులోనే పట్టుబడింది. ఇరవై రెండేళ్ళలో అలాంటి పాటలతో ఓ లావుపాటి నోటుబుక్కు నిండింది.

ఆ ఏడాది కొత్తగా చేరిన దర్జీ కూతురికి ఎడమకాలు రవ్వంత పొట్టి. ముందు వరసలో కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వేది. ఒక్కసారి వింటే చాలు, గడగడా అప్పజెప్పేది. టీచరు ఆ పిల్లను చూసుకుని మురిసిపోయేది. ఆవిడ కళ్ళకు బెంచీ మీది ముఖమే ఆనింది గానీ, బెంచీ కింది కాలు ఆనలేదు.

ఒక సోమవారం కొమ్ముల పాఠం. చెయ్యి ఏటా రాసే పాటనే అలవాటుగా రాసుకుపోయింది.

బాతమ్మ బజారుకెళ్ళింది,
బుట్టెడు గుడ్లు తెచ్చింది,
అటూ ఇటూ ఊగింది,
ఇంటికి అట్టే చేరింది!

“బాతమ్మ ఎలా నడిచిందో చూపించండర్రా!” అంది, ఎప్పటిలాగే. పిల్లలంతా లేచి ఊగిపోతూ నడిచారు. ఆ పిల్ల మాత్రం లేవలేదు. కూర్చునే నవ్వింది, అందరికన్నా గట్టిగా.

శుక్రవారం ఆ పిల్ల బడికి రాలేదు. తరవాతి సోమవారమూ రాలేదు. జ్వరమేమో అనుకుంది టీచరు. మంగళవారం మంచినీళ్ళ కుళాయి దగ్గర ఐదో తరగతి వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. “ఏంట్రా, బాతమ్మ కనబడట్లేదు? గుడ్లు పగిలాయా?”

టీచరు నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

“పిల్లచేష్టలండీ. నాలుగు రోజుల్లో వాళ్ళే మర్చిపోతారు,” అన్నారు హెడ్మాస్టరు.

“వాళ్ళు మర్చిపోతారు సార్. ఆ పిల్ల మర్చిపోదు.”

సాయంత్రం వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళింది. ఒకటే గది. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. తల్లి గబగబా గుడ్డముక్కలు పక్కకు తోసి కుర్చీ వేసింది.

“మీ పాట లేందే ముద్ద దిగేది కాదండీ దీనికి,” అంది. “ఇప్పుడు పాట ఊసెత్తితే చెవులు మూసుకుంటోంది. మిమ్మల్ని మాత్రం ఒక్క మాటా అననివ్వదు.”

తలుపు చాటున నిలబడ్డ పిల్ల ముందు టీచరు మోకాళ్ళ మీద కూర్చుంది. “తప్పు చేశాను తల్లీ. చూసుకోకుండా రాసేశాను.”

“పాట బాగుంది టీచర్,” అంది పిల్ల, ఆవిడను ఓదారుస్తున్నట్టు. “నాకూ నవ్వొచ్చింది. కానీ వాళ్ళు పాట అయిపోయాక కూడా నవ్వుతున్నారు.”

టీచరు ఆ చిన్ని అరచేతిని బుగ్గకు ఆనించుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు తరగతిలో నిజం ఒప్పుకుంది. “ఆ పాట అప్పుడు రాసి నేను తప్పు చేశాను. తనని ఆ పేరుతో పిలిచి మీరు తప్పు చేశారు.” పిల్లలు తలలు దించుకున్నారు. ఇద్దరు ఏడ్చారు. సెలవు రోజున అంతా కలిసి వెళ్ళి పిలుచుకొద్దామనుకున్నారు కూడా. ఈలోపే తల్లి టీసీ కోసం వచ్చేసింది. తన అక్క ఉండే వైపు వేరే బడిలో చేరుస్తుందట.

“కోపం కాదండీ,” అంది తల్లి. “అక్కడ దీన్నెవరూ ఎరగరు. అంతే.”

కాగితంలో ‘ప్రవర్తన’ అన్న చోట ‘చాలా మంచిది’ అని రాస్తుంటే టీచరు చూపు మసకబారింది. సాగనంపడానికి వరండా దాకా వచ్చింది. మెట్ల దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని లాగినా కదల్లేదు.

“ఏంటమ్మా?” అంది టీచరు.

“మీరు లోపలికెళ్ళండి టీచర్,” అంది పిల్ల తన ఎడమకాలి కేసి చూసుకుంటూ. “మీరెళ్ళాక మేం వెళ్తాం.”

టీచరు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.