విన్నిఫ్రెడ్ గారి ఫోర్కు

విన్నిఫ్రెడ్ టాప్‌స్కాట్ గారికి ఒకటే జబ్బు. తన పళ్ళెం తన ముందే ఉన్నా, పక్కవాళ్ళ పళ్ళెంలో ఫోర్కు గుచ్చందే ఆవిడకి ముద్ద దిగదు.

మా ఊరి పబ్బు 'వంకర నాగలి' నాలుగొందల ఏళ్ళ నాటిది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ లెన్ హాకడే వండే రోస్టు మాంసం, దాని మీద పోసే గ్రేవీ కోసం పొరుగూళ్ళ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. వడ్డన మొదలైందో లేదో ఈవిడ ఫోర్కు పట్టుకుని బయల్దేరేది. ఓసారి పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, ఆమెన్ అనేలోపు ఆయన బంగాళాదుంప మాయం.

"ఏమిటమ్మా ఇది?" అన్నారాయన.

"మీరు దేవుడి సంగతి చూసుకోండి. వంటవాడి సంగతి నేను చూస్తాను" అంది నములుతూ.

ఎవరి పళ్ళెంలో ముద్ద తిన్నా, ఆ వెంటనే లెన్‌ని పక్కకి లాక్కెళ్ళి చెవిలో ఏదో గొణిగేది. అతను వంటింట్లోకి పరిగెత్తేవాడు. తిడుతోందనుకునేవాళ్ళం.

నా సంగతి చెప్పాలిగా. చర్చి పత్రికలో తిండి గురించి రాసేవాణ్ణి నేను. నాలాంటి నాలుక జిల్లాలోనే లేదని నా పొగరు. ఆవిడని రానివ్వద్దంటూ లెన్‌కి మూడు పేజీల ఉత్తరం రాశాను.

"ఆవిడ రాకపోతే పబ్బు మూసుకోవాల్సిందే" అన్నాడు లెన్. వేళాకోళం అనుకున్నాను.

ఓ ఆదివారం ఆవిడ కాలు బెణికి రాలేదు. హాయిగా మొదటి ముద్ద తిని, "లెన్, అమృతం!" అని అరిచాను. అప్పటికే చుట్టుపక్కల జనం మంచినీళ్ళ కోసం పరుగులు తీస్తున్నారు. గ్రేవీ ఉప్పుకషాయం! సగంమంది పళ్ళేలు వదిలేసి వెళ్ళిపోయారు. లెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

విన్నిఫ్రెడ్ గారింటికి పరిగెత్తి, నా 'అమృతం'తో సహా కబురంతా చెప్పాను. ఆవిడ ఒంటికాలి మీద లేచి నిలబడింది.

"అయ్యో, రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి వాడికి రుచీ వాసనా పోయాయయ్యా! వంట తప్ప వాడికి ఇంకో పని రాదు."

"అయితే వంటింట్లోనే రుచి చూడొచ్చుగా?"

"పనివాళ్ళ కంటపడితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోదూ? నన్ను తిండిపోతు ముసలిదంటే నాకేం పోయింది?"

నా మూడు పేజీలు గుర్తొచ్చి తల దించుకున్నాను. కాసేపటికి ఛాతీ విరుచుకుని, "మీ కాలు నయమయ్యేదాకా నేను రుచి చూస్తాను" అన్నాను.

"ఇందాక అమృతం అన్నదెవరు?"

"...నేనే."

"నీ నాలుక వద్దుగానీ, చేతులు పనికొస్తాయి. పెరట్లో మట్టి తోసే బండి ఉంది, పట్రా."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఊరంతా నవ్వుతుంటే, ఆవిడని ఆ ఒంటిచక్రం బండిలో కూర్చోబెట్టి పబ్బుదాకా తోశాను. తిండి గురించి రాయడం మానేశాను. మూడు నెలలు పోయాక, ఆవిడ కాలు ఎప్పుడో నయమైందని డాక్టరుగారి నోట విన్నాను.

"ఏమిటమ్మా ఈ అన్యాయం?" అన్నాను ఆయాసపడుతూ.

"ఇంత మంచి గుర్రం దొరికాక నడవమంటావేంటయ్యా? పద, గ్రేవీ చల్లారిపోతుంది" అంది.