ఎస్తేరక్క మీదికి నెట్టిన తప్పు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో ఆగిపోయి ఉంది. మింగలేను, కక్కలేను. పనిలో ఉన్నంతసేపు గుర్తుకు రాదు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక పైకి వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాననుకుంటాను.

నేను ఎలక్ట్రీషియన్ని. కోట అనే ఊరి చుట్టుపక్కల రొయ్యల గుంటలకు మోటార్లు, కేబుళ్ళు వేస్తాను. మా ఊళ్ళో అందరిదీ చేపల వేటే. నేను మాత్రం ఐటీఐ చదివి ఒక కాంట్రాక్టరు దగ్గర అప్రెంటిస్‌గా చేరాను. నెలనెలా స్టైపెండ్ ఇచ్చేవాడు. పని నేర్పుతూ ఎదురు జీతమిస్తారంటే మా అమ్మ చాలాకాలం నమ్మలేదు.

నాతోపాటు చేరిన మనిషి ఎస్తేరు. చిల్లకూరు వైపు ఊరు. నాకంటే పెద్దది. భర్త పోయాడు, చిన్న కూతురు ఉంది. అక్కా అని పిలిచేదాన్ని. నాకు నిచ్చెన ఎక్కాలంటే భయం. అక్క కింద నిలబడి గట్టిగా పట్టుకుని, "కిందికి చూడబాక మే, నీ పని చూసుకో, నేనుండాను గదా" అనేది. మధ్యాహ్నం క్యారేజీ తెరిచే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆ ప్రార్థనలో నా పేరు కూడా ఉండేదని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

అప్రెంటిస్ గడువు అయ్యాక ఇద్దరిలో ఒకరినే పనిలో ఉంచుకుంటానని కాంట్రాక్టరు ముందే చెప్పాడు. మేం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను మాత్రం రోజూ ఆలోచించేదాన్ని. ఆమె ఆలోచించేదా? ఏమో.

సుబ్బరామయ్య గారని ఒక కౌలు రైతు ఉండేవారు. ఆయన గుంటకు కొత్తగా ఏరియేటర్లు పెడుతున్నాం. అవి తిరిగి నీటిని చిలుకుతుంటేనే రొయ్యలకు ఊపిరి. అక్క మోకాళ్ళ లోతు నీళ్ళల్లో దిగి కేబుళ్ళు సర్దుతోంది. గట్టు మీద, వాటిని నడిపే స్టార్టర్ పెట్టెలో వైర్లు బిగించే పని నాది. చివరి స్క్రూ దగ్గరికి వచ్చేసరికి మా ఊరి ఆటో హారన్ కొట్టింది. అది పోతే మళ్ళీ ఆటో లేదు. వేళ్ళతో తిప్పి, పొద్దున వచ్చి బిగిద్దాంలే అనుకుని మూత పెట్టేశాను.

మర్నాడు మమ్మల్ని వేరే గుంటకు పంపారు. మర్చిపోయానని చెప్పుకుంటే బాగుండేది. మర్చిపోలేదు. ఆ స్క్రూ నాకు గుర్తుంది. చెబితే మా పని చూసే మేస్త్రి నలుగురిలో తిడతాడని ఊరుకున్నాను. అంతే. అంత చిన్న కారణం.

కొన్నాళ్ళకు ఆ వదులు వైరు వేడెక్కి కాలిపోయింది. ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. కబురందుకుని మేం వెళ్ళేసరికి గుంట ఒడ్డంతా చచ్చిన రొయ్యలు. సుబ్బరామయ్య గారు గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. మేస్త్రి పెట్టె తెరిచి, కమిలిపోయిన వైరును చూసి మా వైపు తిరిగాడు.

"ఈ పెట్టె ఎవురు మూసినారు?"

నా నోరు నాకంటే ముందే కదిలింది. "కడాన పెట్టె అక్క చూసుకుంటాననిందన్నా."

ఎస్తేరక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. నిజంగా అడిగింది. "నేనట్టా అన్నానా మే?"

"అన్నావు గదక్కా. మర్చిపోయినావా?"

ఆమె నొసలు ముడిపడింది. చాలాసేపు గుర్తు చేసుకోవాలని చూసింది. చివరికి మేస్త్రితో అంది, "అనే ఉంటానన్నా. అప్పుడు పాపకు జొరం. నా మనసు ఈడ లేదు. నేనే మర్చిపోయినట్టుండాను."

నన్ను కాపాడడానికి ఆ మాట అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆమె నన్ను నమ్మింది. తన జ్ఞాపకం కంటే నా మాటను ఎక్కువగా నమ్మింది. నేను తీసేసుకున్నది ఆమె పని ఒక్కటేనా? ఆమెకు తన మీద ఉన్న నమ్మకం కూడా కాదా? ఇది నాకు అప్పుడే తెలుసా, తర్వాత తెలిసిందా అని ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. అప్పుడే తెలుసు.

ఆమెను ఆ పూటే పంపేశారు. నన్ను ఉంచుకున్నారు. ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిందని విన్నాను. నాకు మంచి పనిమంతురాలినన్న పేరు వచ్చింది. ఏ స్క్రూ అయినా రెండుసార్లు చూస్తానని మెచ్చుకుంటారు. ఎందుకు చూస్తానో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నేనెవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎవరైనా ఆప్యాయంగా మాట్లాడితే, ఈమె కూడా నన్ను నమ్మేస్తుందేమోనని భయం. పెళ్ళి మాటలూ అలాగే దాటేశాను.

ఈ మధ్య కోట బజార్లో ఆమె కూతురు కనిపించింది. ఎదిగిపోయింది, తనే గుర్తుపట్టి పలకరించింది. ఇంట్లో ఫ్యాను తిరగడం లేదంది. అమ్మ చూడలేదా అన్నాను. "అమ్మ స్విచ్చు బోర్డు జోలికే పోదు. కరెంటు పని తన చేతికి అచ్చిరాదంటాది" అంది.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఫ్యాను బాగుచేశాను. ఎస్తేరక్క దూరంగా, గోడకు ఆనుకుని నిలబడి చూసింది. కూతురు టీ పొడికని బయటికి వెళ్ళగానే చెప్పేశాను. ఆటో హారన్‌తో మొదలుపెట్టి అంతా. ఏదీ తగ్గించలేదు.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "సుబ్బరామయ్య గారి కాడికి పోయినావా?"

"లేదక్కా."

"నేను పోయినా మే. నన్ను పంపేసిన రెండో దినమే. ఆయన కాళ్ళు పట్టుకోని ఏడ్చినా."

నా పనిముట్ల సంచి తెచ్చి గడప బయట పెట్టింది. నేను బయటికొచ్చాక తలుపు మెల్లగా మూసుకుంది.

సుబ్బరామయ్య గారు గుంట ఎప్పుడో వదిలేసి, ఇప్పుడు బిట్రగుంటలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారని కనుక్కున్నాను. వెళ్ళాలి. ఆయన ఏమంటారో తెలియదు. ఏమీ అనకపోతే ఎలాగో అదీ తెలియదు.

ఎస్తేరక్క నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. మరి మనసు తేలికపడిందా? పడింది. అలా తేలికపడే హక్కు నాకుందో లేదో చెప్పలేను. ఆమె బతుకు బరువెక్కించి వచ్చానేమో కూడా. కానీ తన చేతుల్లో ఏ తప్పూ లేదని ఆమెకు తెలిసింది. ఆ తప్పు ఎవరిదో మీకు తెలిసింది. ఇన్నేళ్ళూ నేను తలుపు వేసుకున్నాక ఆ తప్పూ నేనూ తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు అది నా ఒక్కదాని దగ్గరే లేదు.