సముద్రానికి మూత

మా కడప ఇంట్లో, ఊరగాయ జాడీ అంత గాజుతొట్టిలో నేనొక సముద్రాన్ని పెంచుతున్నాను. ఉప్పునీళ్లు, ఒక రాయి, దాని మీద చొక్కా గుండీలంత పగడాలు. ఈ ఎండాకాలం దాటిస్తే అవి బతికినట్టే.

ఈ మధ్యాహ్నం కోచింగ్ నుంచి వచ్చేసరికి తొట్టి మీద స్టీలు పళ్లెం మూసి ఉంది. తీసి చూస్తే నీళ్లు వేడెక్కాయి, పగడాలన్నీ ముడుచుకుపోయాయి.

"అవ్వా! దీని మీద పళ్లెం ఎందుకు పెట్టినావు?"

"నీళ్లు ఇగిరిపోతాండాయి పాపా. ఈ ఎండల్లో నీళ్లకు మూతెయ్యకుండా ఎవురన్నా పెడ్తారా?"

"వాటికి గాలి తగలాల, వెలుతురు పడాల. ఉడికి చస్తాయి అవ్వా!"

"అట్లయితే సముద్రానికి మూత ఉండదా?" అంది, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని మా అవ్వ.

నేను జవాబు చెప్పేలోపే కరెంటు పోయింది. నీళ్లను చల్లబరిచే చిన్న ఫ్యాను ఆగిపోయింది. నేను తల పట్టుకుని కూర్చుంటే అవ్వ వెళ్లి విసనకర్ర తెచ్చింది. తొట్టి పక్కన పీట వేసుకుని, జ్వరమొచ్చిన బిడ్డకు విసిరినట్టు విసరసాగింది. నేనడిగినా విసనకర్ర ఇవ్వలేదు.

సాయంత్రానికి ఒక పగడం మెల్లగా విచ్చుకుంది, దాని పక్కనే ఇంకొకటి.

"నా మీద కోపం పోయినట్టుండాది," అంది అవ్వ, విసరడం ఆపకుండానే. కరెంటు వచ్చి అప్పటికే శానాసేపయింది.

మీ ఇంట్లో కూడా సముద్రానికి విసిరేవాళ్లుంటే చెప్పండి. మా అవ్వకు జోడీ కావాలి.