పటంలో రెండు చుక్కలు

ముసురు పట్టిందంటే చాలు, గాజువాకలోని మా అనువాదాల ఆఫీసు గోడ మీది పటం నుంచి మైదా జిగురు వాసన వస్తుంది. పాత గుడ్డ మీద అతికించిన ఆ కాగితం రష్యాలో ఒక మారుమూల జిల్లా పటం. ఆ వాసన వచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

దాన్ని అతికించింది రహీం సార్. వన్‌టౌన్ మనిషి. వయసులో ఉండగా ఉక్కు కర్మాగారం కట్టడానికి వచ్చిన రష్యన్ ఇంజనీర్లకు దుబాసీగా పనిచేశారు. వాళ్ళలో ఒకాయన వెళ్ళిపోతూ తన సొంత జిల్లా పటం ఇచ్చిపోయాడట. ఆ ఇంజనీరు బంధువుల కలప మిల్లుకి ఇక్కడి నుంచి కూలికి వెళ్ళేవాళ్ళ కాగితాలు మేమే రాసేవాళ్ళం. ఆనందపురం దాటి ఎరగని నాకు సార్ భాషతో పాటు ఆ జిల్లానూ నేర్పారు. మధ్యలో నది. ఇవతల గోధుమ చేలు, రైలు స్టేషను, జిల్లా కార్యాలయం. అవతల అడవి, బురద నేలలు, రెండు మూడిళ్ళలోనే పొయ్యి వెలిగే ఊళ్ళు. జిల్లా కింద గ్రామమండళ్ళు, ఒక్కో మండలి కింద పదీ పదిహేను ఊళ్ళు.

"ఆల్లు అడ్రసు పైనుంచి రాత్తారు బేటీ," అనేవారు. "దేశం, రాష్ట్రం, జిల్లా, మండలి, ఊరు. మనిసిని ఆఖర్న రాత్తారు. మద్దెలో ఒక్కటి వొదిలేసినా మనిసి దాకా పోలేం."

నేను నవ్వేదాన్ని. పంచాయతీ పేరు లేకుండానే మా ఊరికి ఉత్తరాలు రావడం లేదా అనుకునేదాన్ని. తెలివి ఎక్కువైంది మరి.

నూకాలు వచ్చిన రోజు సార్ డయాలసిస్‌కు వెళ్ళారు. ఆమె భర్త పోలయ్య సముద్రం మీద వేట మానేసి ఆ మిల్లుకి వెళ్ళాడు. అది మూతపడితే ఎవరో మేస్త్రీ వెంట అదే జిల్లాలో ఇంకో ఊరికి మారాడు. ఐదు రోజుల కింద జ్వరమని చెప్పి, ఊరి బోర్డు ఫొటో పంపాడు. పైన మండలి పేరు, కింద ఊరి పేరు. ఆ తర్వాత ఫోన్ లేదు.

"బేగి రాయండమ్మా. ఆయనకి జొరం వొస్తే మతుండదు," అంది నూకాలు.

వెంటనే జిల్లా కార్యాలయానికి మెయిల్ పెట్టాను. జిల్లా పేరు, ఊరి పేరు రాశాను. మండలి పేరు ఎందుకులే అని వదిలేశాను.

పన్నెండో రోజున జవాబు వచ్చింది. ఆ ఊళ్ళో విదేశీయులెవరూ లేరట. సార్ నా మెయిల్ చదివారు, బోర్డు ఫొటో చూశారు. పటం దగ్గరికెళ్ళి రెండు వేళ్ళు పెట్టారు. నదికి ఇవతల ఒక చుక్క, అవతల ఒక చుక్క. రెండూ ఒకే పేరున్న ఊళ్ళు, మండళ్ళే వేరు. బోర్డు మీదున్నది అవతలి మండలి పేరు.

అప్పటికప్పుడే అవతలి మండలికి ఫోన్ చేశారు. పోలయ్య ఆ ఊళ్ళో కూలీల షెడ్డులో నాలుగు రోజుల కిందటే చనిపోయాడు. అక్కడ డాక్టరు లేడు. జిల్లా నుంచి ఎవరైనా చెప్పి ఉంటే ఆసుపత్రి బండి వచ్చేదని గుమాస్తా అందట.

"మీరే చెప్పండి సార్," అని బతిమాలాను.

"సావు కబురు నాను సెప్తాను. మండలి రాయలేదన్నది నువ్వే సెప్పాల."

నూకాలును పిలిపించి సార్ కబురు చెప్పాక, నా తప్పు నేను చెప్పాను. ఆమె పటం మీది రెండు చుక్కలూ చూసింది.

"అయితే ఆల్లు ఆ ఊర్లో ఎతుకుతన్నప్పుడు మా ఆయన ఈ ఊర్లో బతికే ఉన్నాడేటి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. సార్ నా వైపే చూస్తున్నారు.

"ఉన్నాడమ్మా," అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగిపోయింది.

సార్ పోయి రెండేళ్ళయింది. నీ తప్పేం లేదని ఆయన ఒక్కనాడూ అనలేదు. అందుకు అప్పట్లో కోపంగా ఉండేది, ఇప్పుడు లేదు. ఈ రోజుకీ ఏ అడ్రసు రాసినా మధ్య వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుతాను.

పోలయ్యను పూడ్చిన చోట పేరు లేదని, కొయ్య మీద ఒక నంబరే ఉందని ఆ రోజు ఫోన్‌లోనే తెలిసింది. పేరు రాయించమని అడుగుతూ సార్ నూకాలుకి చెప్పిన మర్నాడే నా చేత ఇంకో ఉత్తరం రాయించారు. దేశం, రాష్ట్రం, జిల్లా, మండలి, ఊరు, ఆఖర్న మనిషి. ఆ ఉత్తరం సరిగ్గానే చేరింది.