సున్నాకు ముందు కదిలిన గోడ

కోవిడ్ సద్దుమణిగిన రెండో ఏడు. చెన్నైలో కోడంబాక్కం స్టేషనుకు దగ్గర్లోని మా ఆఫీసులో కూర్చుని నేను రోజూ ఐరోపాలోని ఒక పర్వతశ్రేణి కడుపులోకి చూసేవాణ్ని. రెండు దేశాలను కలిపే హైస్పీడ్ రైలు కోసం అక్కడ సొరంగం తవ్వుతున్నారు. ఆ కొండను నేనెప్పుడూ చూడలేదు. దాని గోడలు ఎంత కదిలాయన్నది మాత్రం నాకు తెలుసు.

తవ్విన రాయి ఊరుకోదు. పైనున్న బరువుకు గోడలు కొద్దికొద్దిగా లోపలికి జరుగుతాయి. దీన్ని కన్వర్జెన్స్ అంటాం. గోడకు కాంతిని తిప్పిపంపే చిన్న ప్రిజంలు బిగించి, టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరాన్ని దూరంగా నిలిపి ఆ కదలికను కొలుస్తారు. ఆ కొలతలను గ్రాఫుగా గీసి కనిపెట్టి ఉండటం మా ఆఫీసు పని. గ్రాఫు చదునైతే గోడ కుదురుకున్నట్టు. ఎర్ర గీత దాటితే పని ఆపాలి.

సైట్‌లో కొలతలు తీసేది మా ఆఫీసు పంపిన సురేశ్. తిరువొత్తియూరులో పుట్టి పెరిగినవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

సరిహద్దు కింది భాగాన్ని మొదటి దేశపు కంపెనీ తవ్వి, కాంక్రీటు పనికి రెండో దేశపు కంపెనీకి అప్పగించింది. ఆ తర్వాత వస్తున్న గ్రాఫు ఎర్ర గీతకు చాలా కిందే ఉంది. కానీ చదునవడం లేదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక పాత కంపెనీ గ్రాఫు తెరిచి పక్కన పెట్టాను. మా వృత్తిలో ఎదుటివాడి కొలతకు ఎవరూ పూచీపడరు. కొత్తవాళ్లు తాము వచ్చిన రోజు రీడింగునే సున్నా అనుకుని లెక్క మొదలుపెట్టారు. అంతకుముందు గోడ జరిగినదంతా ఆ సున్నా వెనక ఉండిపోయింది. ఆస్పత్రి మారిన రోగికి ఆ రోజే జ్వరం మొదలైందని రాసుకున్నట్టు. రెండూ కలిపి గీస్తే ఎర్ర గీత ఎప్పుడో దాటిపోయింది.

మా టీమ్ లీడ్ మీనాక్షి గారు చూసి వెంటనే సైట్‌కు ఫోన్ చేశారు. రెండు గ్రాఫులూ వేటికవి బాగానే ఉన్నాయి కదా, రేపటి మీటింగులో మాట్లాడదాం అన్నారట అక్కడివాళ్లు. పని ఆపమనే అధికారం మాకు లేదు, సలహా వరకే. ఆవిడ ఆ అధికారమున్న పై డిజైనర్లకు మెయిల్ రాయడానికి కూర్చున్నారు. అక్కడ అప్పుడు పొద్దుటి షిఫ్టు. నేను సురేశ్‌కు ఫోన్ చేశాను. సొరంగం ముఖద్వారం దగ్గర దొరికాడు. విషయం చెప్పి, లోపలికి పోవద్దన్నాను.

“నేను పోకుంటే సరి అన్నా. ఆడ గోడ కింద కాంక్రీటుకి ఇనుము కట్టేవాళ్లు ఉండారే, వాళ్లకేం చెప్పేది? చెన్నైలో ఒకాయనకి భయంగా ఉందంట అని చెప్పేదా?”

ఉపాయం కూడా వాడే చెప్పాడు: “రీడింగ్ తియ్యాలని చెప్తా. మనిషి అడ్డముంటే ప్రిజం కనబడదు గదా. అందరూ జరగాల్సిందే.”

“ఎంతసేపు జరిపి ఉంచగలవు?”

“లెన్స్‌కి ఆవిరి పట్టిందంటా, తుడస్తా, మళ్లా తీస్తా. మీరు ఆ మెయిల్‌ని తొందరగా తోయండన్నా. ఈడ ఫోర్‌మన్‌కి ఓర్పు తక్కువ.”

లోపలికి వెళ్లాక ఫోను పలకదు. నేను వరండాలో తిరిగాను. ఎలక్ట్రిక్ ట్రైను పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరేవి. టీ తెచ్చుకుని ఎక్కడో పెట్టి మరిచిపోయాను. చివరికి రీడింగు వచ్చింది. ముందురోజు కంటే గోడ ఇంకా జరిగింది. మీనాక్షి గారు దాన్ని మెయిల్‌కు జతచేసి పంపి, పై డిజైనరు ఫోనెత్తేదాకా వదల్లేదు. సాయంత్రానికి పని ఆపమని ఉత్తర్వు వచ్చింది. మనుషులను పూర్తిగా బయటికి పంపి, ఆ తర్వాత పొడవాటి ఉక్కు రాక్ బోల్టులు దించి గోడను లోపలి రాయికి బిగించారు.

గోడ కూలలేదు. ఆపకపోయినా కూలేది కాదేమో, ఎవరూ చెప్పలేరు. అనవసరంగా ఆపించారని కొత్త కంపెనీ మా మీద ఫిర్యాదు చేసింది.

సెలవుకు వచ్చినప్పుడు సురేశ్ చెప్పాడు: “ఇనుము కట్టేవాళ్లు నన్ను చూస్తే ఒకటే ఎగతాళి అన్నా. అద్దం తుడిచేవాడు వచ్చినాడని. నవ్వనీ. నవ్వేదానికి మనుషులు ఉండారు గదా.”

మా పని సరిగ్గా జరిగితే చూపించడానికి ఏమీ మిగలదని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఎవరు గ్రాఫు తెచ్చినా, ఈ సున్నా ఎవరు పెట్టారు, అంతకుముందు గోడ ఎంత నడిచింది అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేను.