బాబాయి ఆఖరి పాటకు నా కోరస్

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నేను మంచి గాయకుణ్ణని. రెండు, ఆ సంగతి లోకానికి ఇంకా తెలియలేదని. మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ, వారానికి మూడు రోజులు ట్రుగనీనాలోని ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దేవాణ్ణి. పెట్టెలకు చెవులుండవు కాబట్టి వాటి ముందు ధైర్యంగా పాడేవాణ్ణి. (మనుషులకు ఉంటాయి. వాళ్లు పక్క వరుసలోకి మారిపోయేవారు.) మారకుండా విన్నది ఒక్కరే, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే చిలీ దేశపు పెద్దాయన. ఆయన్ని మా తెలుగువాళ్లం 'బాబాయ్' అని పిలిచేవాళ్లం, ఆయనా పలికేవాడు.

బాబాయి ఇరవయ్యేళ్లప్పుడు వాళ్ల ఊళ్లో రాక్ గాయకుడు. అందరూ ఇంగ్లీషు పాటలకు నకళ్లు పాడుతున్న కాలంలో, భుజాన బేస్ గిటార్ తగిలించుకుని స్పానిష్‌లో సొంత పాటలు కట్టి పాడాడట. ఒక రికార్డు కూడా వచ్చింది. తరవాత సైన్యం గద్దెనెక్కింది. వాళ్ల బృందంలో డ్రమ్స్ వాయించే కుర్రాణ్ణి ఒక మధ్యాహ్నం ఇంట్లోంచి తీసుకెళ్లారు, అతను మళ్లీ రాలేదు. బాబాయి తల్లి భయపడి ఇంట్లో ఉన్న రికార్డులన్నీ పొయ్యిలో పెట్టేసింది. ఆయన ఈ దేశం వచ్చి, కొన్నాళ్లు ఆదివారాలు తనవాళ్ల క్లబ్బులో పాడి, కూతురు పుట్టాక గిటార్‌ని బీరువా మీద పెట్టి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు. ఇదంతా టీ తాగేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ఒక చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకుని నేను మిరియాల పాలు తాగమని సలహా ఇచ్చాను. అది క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు ఒక్కసారి ఆ క్లబ్బులోనే పాడాలని ఆయన కోరిక. తోడు పాడమని నన్ను అడిగాడు. "నీ గొంతు సుమారు. కానీ నీకు భయం లేదు. రాక్‌కి భయం లేనివాడు కావాలి" అన్నాడు. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు రెండో మాట నుంచే చెప్పాను.) ఆయన కూతురు మాత్రం నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "డాడ్ పాడగా నేనెప్పుడూ వినలేదు. ఒక్క రికార్డింగ్ కూడా లేదు. ఈ సండే ఆర్వో, అదే, మధ్యాహ్నం ఫోన్‌లో ఎక్కేదే నాకు మిగిలేది. ఆయన ఊపిరి తీసుకునే చోట కాస్త పాడు, చాలు."

పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని వారం రోజులు బట్టీపట్టాను. మా కరీంనగర్ రూమ్మేట్ తట్టుకోలేక, "ఏం మంత్రాలు చదువుతున్నవ్‌రా, నన్ను రూమ్ ఖాళీ చెయ్యమంటవా?" అన్నాడు.

ఇక్కడ మా తాతయ్య సంగతి చెప్పాలి. ఆయన భజన బృందంలో ఒక కట్టుబాటు ఉండేది. ముందు పాడే పెద్దాయన గొంతు తడబడితే వెనకవాళ్లు వెంటనే అందుకుని గట్టిగా ఎత్తుకోవాలి. "పెద్దల పాటని నలుగుర్లో కింద పడనియ్యకూడదురా" అనేవాడు. ఆ పాఠం నా ఒంట్లో ఇంకిపోయింది. ఆ ఆదివారం హాల్లో నలభైమంది తల నెరిసినవాళ్లు కూర్చుని ఉన్నారు. మొదటి పంక్తిలోనే బాబాయి గొంతు చీలింది. నేను అందుకున్నాను. ఇంకా చీలింది, ఇంకా గట్టిగా ఎత్తుకున్నాను. ఆయన ఒకసారి నా వైపు చూసి, తల వంచుకుని బేస్ వాయించుకున్నాడు. మెచ్చుకున్నాడనుకుని మైకు మరింత దగ్గరికి లాక్కున్నాను. చప్పట్లు కొట్టినప్పుడు, పెద్దాయన పరువు నిలబెట్టానని పొంగిపోయాను.

ఆపరేషన్ అయిన వారానికి హాస్పిటల్‌కు వెళ్లాను. వరండాలో కూతురు ఫోన్ నా చేతికిచ్చి వినమంది. మొదటి నుంచీ నేనే. నా వెనక ఎక్కడో బేస్ మోత. ఆమె తిట్టలేదు. "ఆయనేడీ?" అని అడిగింది, అంతే. జన్మలో అంత సిగ్గుపడలేదు. లోపల మంచం మీద బాబాయి, మెడకు గొట్టంతో, పలక తీసుకుని రాశాడు: "చాలా గట్టిగా పాడావు. సగం మాటలు తప్పు." భుజాలు కదిలేలా నవ్వాడు, శబ్దం లేదు. నేను ఆ మంచం కోడు పట్టుకుని ఏడ్చేశాను.

తరవాత కూతురే కూర్చుని ఆ రికార్డింగ్‌ను పదేపదే వింటే, చివర్లో ఒక ముక్క దొరికింది. ఆ రోజు చివరి చరణం ముందు నేను నీళ్లు తాగబోయి పొలమారి, దగ్గుతూ మైకు వదిలేసి పక్కకు పరిగెత్తాను. ఆ నాలుగు పంక్తులూ బాబాయి ఒక్కడే పాడాడు. చిరిగిపోయిన గొంతే, కానీ వెనక్కి తగ్గని గొంతు. రెండేళ్లకు ఆయన పోయినప్పుడు ఆ ముక్కనే వినిపించారు. దాని వెనక నా దగ్గు కూడా వినిపించి, ఏడుస్తున్న జనం కాసేపు నవ్వారు. నేనూ నవ్వాను.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు మనవాళ్లు. ఆ మధ్యాహ్నం నన్ను తలుచుకున్నదెవరో గానీ, వారికి దండం. ఆ గర్వపు కుర్రవాడు బాబాయికి చేసిన మేలు ఏదైనా ఉంటే, అది పాడలేకపోయిన ఆ నాలుగు పంక్తులే.