ఘాటు రాని మధ్యాహ్నం

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నాస్తికుణ్నని చెప్పుకునేంత పట్టుదల కూడా లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను, అంతే. ఆ చదువు నాకు ఉద్యోగం ఇవ్వలేదు గానీ, వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుందన్న నమ్మకం ఇచ్చింది. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో దెబ్బ తగిలింది దానికే.

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో, హైవే దిగి కాస్త లోపలికి వస్తే మా ఊరు. పత్తి తీతలు అయ్యాక ఊరంతా మిర్చే. మా ఇంటి వెనక గోడ దాటితే కల్లం, దాని నిండా ఎండుతున్న కాయలు.

ఆ వేసవి మొదట్లో నాన్నను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. దుమ్ము తగలకూడదు, ఘాటు అసలు తగలకూడదు, నిద్ర బాగా పట్టాలి, ఇంకోసారి ఆయాసం ముదిరితే మా చేతుల్లో ఉండదు అన్నారు డాక్టరుగారు. మిర్చి కోతల్లో మా ఊళ్ళో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయో మాత్రం చీటీలో రాయలేదు.

నాన్న మంచం హాల్లో వేశాం, ఇన్వర్టర్ లైను అక్కడికే ఉంది కాబట్టి. అదే కారణంతో నా కంప్యూటరూ అక్కడే ఉంది. కుక్కరంత పెట్టె. గేమ్స్ ఆడుకోవడానికి కొన్నదే గానీ, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తూ ఇప్పుడు ఇంటిని నడుపుతోంది. ఒక పక్క టీవీ, ఇంకో పక్క నాన్నకు మందు ఆవిరి పట్టే నెబ్యులైజరు, మధ్యలో ఇది.

చిన్న పెట్టెలో పెద్ద పని పెడితే ఫ్యాన్ ఊరుకోదు. నాన్న మొదటిరోజే అడిగాడు.

"ఏరా, ఇంట్లో ఏ పురుగు పట్టిందని ఆ స్ప్రేయరు ఆపకుండా కొడుతున్నావ్?"

మాట్లాడగలుగుతున్నాడని సంతోషపడ్డాను. కానీ మనిషికి నిద్ర లేదు. ఆ పెట్టెకు చప్పుడు చేయని కొత్త కూలర్ కొనే స్థితిలో నేను లేను. ప్రాసెసరుకు అందే కరెంటు కాస్త తగ్గించాను. వేడి లాగడానికి దాని మీద రాసే పేస్టు ఎండిపోతే, తుడిచి కొత్తది రాశాను. ఫ్యాన్ వేగం తగ్గించి, దాని స్క్రూల కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాను. వేడిగాలి నేరుగా బయటికి పోయేలా చెప్పుల డబ్బా అట్టతో గొట్టం చేశాను. దుమ్ము ఆగడానికి అమ్మ పాత వాయిల్ చీర ముక్క పైన కప్పి రబ్బరు బ్యాండు వేశాను.

చప్పుడు చాలావరకు తగ్గింది. ఘాటు తగ్గలేదు. తలుపులు ఎంత మూసినా మిరప పొడి సన్నగా లోపలికి వచ్చేది. పెట్టె వేడెక్కితే ఆ పొడి కూడా వేడెక్కేది. నాన్న దగ్గు మొదలుపెట్టేవాడు. రెండు రోజులకోసారి ఆ చీర ముక్క ఉతకడం నా పనుల్లో ఒకటైంది.

ఒకరోజు భోజనం కాగానే ఎడిట్ చేసిన పెద్ద వీడియో ఒకటి ఫైలుగా తయారవడానికి రెండర్‌కి పెట్టి, నాన్న మందుల కోసం గుంటూరు వెళ్ళాను. పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాను.

హాల్లో అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ఫ్యాన్ చప్పుడు లేదు. దానికన్నా ముఖ్యంగా, నెలరోజులుగా ఆ ఇంట్లో ఆగకుండా వినిపిస్తున్న నాన్న పిల్లికూతలు లేవు.

పరుగున వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఆడుతోంది. నిదానంగా, సాఫీగా, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడు. కూర్చుని కునుకు తీయడం తప్ప, ఆయన వెల్లకిలా పడుకోవడం నేను చూసి చాలా కాలమైంది.

అప్పుడు కంప్యూటర్ వైపు తిరిగాను. ఆగిపోయి ఉంటుందనుకున్నాను. స్క్రీన్ మీద రెండర్ నడుస్తూనే ఉంది, దాదాపు చివరికొచ్చింది. ఫ్యాన్ వేగం సున్నా. వేడి ముప్పై డిగ్రీలు. గది వేడి అంతకంటే ఎక్కువే, నా చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. సెన్సర్ పాడైందనుకుని పెట్టె మీద చెయ్యి వేశాను. నీళ్ళ కుండలా చల్లగా ఉంది.

కరెంటు తీసేసి చీర ముక్క ఎత్తాను. లోపల ఎండు మిరపకాయలు. ఒకదాని తొడిమ ఫ్యాన్ రెక్కల మధ్య ఇరుక్కుంది. కాయలన్నీ నల్లగా బొగ్గయ్యాయి. పట్టుకుంటే పొడైపోయాయి. పక్కనే ఉన్న అట్ట మాత్రం కనీసం రంగు మారలేదు.

"అమ్మా, ఇందులో మిరపకాయలు ఎవరు వేశారు?"

"నేనేరా. మీ నాన్నకి దిష్టి తీశా. పొయ్యిలో వేస్తే ఘాటుకి ఆయనకి దగ్గొస్తది కదా. నీ పెట్టె ఎటూ కాలతానే ఉంటదని దాంట్లో వేశా."

"అది పొయ్యి కాదమ్మా."

"కాకపోతే అంత ఎందుకు కాలుద్ది మరి?"

నేను ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి తొడిమ లాగాను.

"ఉప్పు మాత్రం వెయ్యలేదులే, తుప్పు పట్టుద్దని," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకేమన్నా ఘాటొచ్చిందా?" అని అడిగింది.

రాలేదు. ఇల్లంతా వాసన చూశాను. ఏమీ లేదు.

"చూశావా. ఘాటు రాలేదంటే ఎంత దిష్టి ఉందో," అని కాలిన పొడి చేటలోకి ఎత్తి, బయట మూడుదార్లు కలిసే చోట పోసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. తన వరకు విషయం తేలిపోయింది.

నాకు తేలలేదు. మర్నాడు ఆ పెట్టెను నాన్నకు దూరంగా, గొడ్ల చావిట్లోకి తీసుకెళ్ళాను. అదే వీడియో, అదే కల్లంలోని కాయలు, అలాగే తొడిమతో ఫ్యాన్ ఆపి మొదలుపెట్టాను. కాసేపటికే వేడి వందకు చేరి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. కాయలు కాస్త వెచ్చబడ్డాయి, అంతే, రంగు కూడా మారలేదు. ఘాటు మాత్రం కళ్ళలో నీళ్ళు తెప్పించింది. గేదె రెండుసార్లు తుమ్మి నావైపు అదోలా చూసింది.

బొగ్గు కావాలంటే ప్రాసెసరు మాడిపోయేంత వేడి కావాలి. అంత వేడి పుట్టిన చోట పెట్టె చల్లగా ఉండకూడదు. నాకు తెలిసినవాళ్ళందరినీ అడిగాను. సెన్సర్ అన్నారు, నీ చేతికి చెమట పట్టి ఉంటుందన్నారు, ఎవరో ముందే కాల్చిన కాయలు వేశారన్నారు. అమ్మ వేసినవి ఆ పొద్దున కల్లంలోంచి తెచ్చిన ఎర్రటి కాయలు. ఆ వేడి ఎటు పోయిందో, తనతో ఏం పట్టుకుపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాన్న కోలుకుంటున్నాడు. మందులు పనిచేస్తున్నాయన్నారు డాక్టరుగారు. నేనూ అదే అంటున్నాను. కానీ మధ్యాహ్నం పూట హాలు మరీ నిశ్శబ్దంగా ఉంటే కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. లేచి వెళ్ళి, ముందు ఆయన ముక్కు దగ్గర వేలు పెడతాను. తర్వాత పెట్టె మీద చెయ్యి వేస్తాను.

నిన్న నాన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఉన్నాన్లేరా. పోయి నీ పని చూసుకో."